బిల్లులో రాసిన ధర్మం ఎవరి ఖాతా?

పట్నంలో పెద్ద దుకాణానికి వెళ్ళి పండుగ సరుకులు కొన్న రైతు గల్లా దగ్గర నిలబడతాడు. బిల్లు 496 రూపాయలు అవుతుంది. అయిదు వందల కాగితం ఇస్తే గల్లాలో కూర్చున్న అమ్మాయి, "చిల్లర నాలుగు రూపాయలు పేద పిల్లల వైద్యానికి రాయమంటారా?" అని అడుగుతుంది. వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉంటారు. కాదనడానికి మొగమాటం. "రాయమ్మా" అంటాడు. బిల్లు కింద 4 రూపాయలు విరాళమని అచ్చు పడుతుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కన కూర్చున్న వ్యక్తి ఆ బిల్లు చూసి నవ్వుతాడు. "నీ నాలుగు రూపాయలు పెట్టి వాళ్ళు పన్ను తప్పించుకుంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే" అంటాడు. ఇంటికి చేరేసరికి నాలుగు రూపాయల పుణ్యం పోయి, మోసపోయానన్న బాధ మిగులుతుంది.

ఇటువంటి మాట ఈమధ్య ఊరూరా వినిపిస్తోంది. ఇందులో నిజమెంత? గిరాకీ ఇచ్చిన ధర్మానికి దుకాణదారు పన్ను తగ్గించుకోగలడా? ఇచ్చినవానికి పన్నులో ఏమైనా కలిసివస్తుందా? అసలు ఆ సొమ్ము ఎవరిది? నాలుగు రూపాయల ప్రశ్నే అయినా ఈ విషయం ఒకప్పుడు దేశ అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళింది. అక్కడ తేలిన న్యాయం గ్రామీణులందరూ తెలుసుకోదగినది.

కొత్త వేషం, పాత ఆచారం

బిల్లులో ధర్మం రాయడం పెద్ద దుకాణాలు వచ్చిన తర్వాత పుట్టిన పద్ధతి కాదు. కిరాణా కొట్టులో త్రాసు పక్కన గోశాల పేరో, అన్నదానం పేరో రాసిన డబ్బా పెట్టడం పాత వాడుకే. ఉత్తర భారతంలో వర్తకులు సరుకు ధర కింద ‘ధర్మాదా’ అని వేరే పద్దు రాసి వసూలు చేయడం తరతరాల ఆచారం. తమిళనాడులో నాడార్ వర్తకులు సరుకుపై ‘మహమై’ పేరిట కొద్ది మొత్తం తీసి ఆ నిధితో బడులు, సత్రాలు నడిపారు. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన కె.కామరాజ్ చిన్ననాడు చదివిన విరుదునగర్ క్షత్రియ విద్యాశాల ఆ వర్తక సమాజం నిలిపినదే. ఇంటింటా వంటకు ముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యంతో బడి నడిపిన కాలమది.

కాగా ఈ ఆచారానికి మరో ముఖం కూడా ఉంది. ధర్మం పేరిట వసూలయ్యే సొమ్ములో కొనేవాడు ఇష్టపడి ఇచ్చేది కొంతైతే, అమ్మేవాని చేతినుంచి అడగకుండా కోసేది కొంత. రైతు ధాన్యమో, పత్తో, మిరపకాయలో తెచ్చి అమ్మితే హమాలీ, కాటా, దలాలీ కోతలతో పాటు ధర్మం కోత కూడా చీటీలో కనిపించేది. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ కూడా మార్కెట్లలో రైతుపై పడే ఇటువంటి కోతలను ప్రస్తావించింది. ఆ ధర్మం ఏ గోశాలకు చేరిందో, ఏ బడికి వెళ్ళిందో రైతుకు తెలిసే మార్గం ఉండేది కాదు. ఈ అనుభవం వల్లనే ‘ధర్మం’ అని రాసిన పద్దు చూడగానే మన పెద్దలకు అనుమానం కలిగేది. అది కారణం లేని అనుమానం కాదు.

దుకాణదారు లెక్క ఇలా

ముందుగా పన్ను సంగతి చూద్దాం. ఒక దుకాణంలో రోజుకు వెయ్యి మంది నాలుగేసి రూపాయలు ధర్మం రాయించారని అనుకుందాం. రోజుకు 4,000 రూపాయలు. ముప్పై రోజులకు లక్షా ఇరవై వేలు. ఈ సొమ్మును దుకాణదారు తన లెక్క పుస్తకాలలో మూడు విధాలుగా రాయవచ్చు.

మొదటిది సరైన పద్ధతి. వచ్చిన లక్షా ఇరవై వేలను అమ్మకాల పద్దులో కలపడు. వేరే ఖాతా తెరిచి, ‘ఫలానా సంస్థకు చెల్లించవలసినది’ అని రాస్తాడు. నెలాఖరుకు ఆ సంస్థకు పంపి ఖాతా సున్నా చేస్తాడు. అతనికి ఆదాయం రాలేదు, ఖర్చూ కాలేదు. కనుక పన్ను పెరగదు, తగ్గదు. పోస్టుమాన్ మనియార్డరు సొమ్ము తెచ్చి ఇచ్చినట్లే. ఆ డబ్బు సంచిలో ఉన్నంత మాత్రాన పోస్టుమాన్ ధనవంతుడు కాడు. పంచినంత మాత్రాన దాతా కాడు.

రెండవ పద్ధతిలో ఆ సొమ్మును తన ఆదాయంలో కలిపి, తర్వాత సంస్థకు ఇచ్చి, తాను దానం చేశానని పన్ను తగ్గింపు కోరతాడు. చాలా ధార్మిక సంస్థలకు ఇచ్చిన విరాళంలో సగం మొత్తాన్నే ఆదాయం నుంచి తగ్గిస్తారు. అంటే లక్షా ఇరవై వేలు ఆదాయంలో కలిస్తే అరవై వేలే తగ్గుతుంది. మిగిలిన అరవై వేలపై పన్ను కట్టాలి. ముప్పై శాతం పన్ను, దానిపై నాలుగు శాతం సెస్సు కట్టేవాడైతే 18,720 రూపాయలు చేతినుంచి పోతాయి. కాబట్టి తెలివైన వర్తకుడెవరూ ఈ పని చేయడు.

మూడవది దొంగలెక్క. వసూలైన సొమ్మును ఆదాయంలో చూపడు. అయినా సంస్థకు పంపినప్పుడు అది తన సొంత దానమని చెప్పి తగ్గింపు కోరతాడు. అప్పుడు పైన చెప్పిన 18,720 రూపాయలు అక్రమంగా మిగులుతాయి. బస్సులో మిత్రుడు చెప్పినది ఈ పద్ధతి గురించే. ఇది చట్టం ఇచ్చిన సౌకర్యం కాదు, చట్టాన్ని మోసగించడం. కొలతలో దొంగ రాయి పెట్టేవాడు ఉన్నాడని త్రాసునే తప్పుపట్టలేము కదా!

అంటే గిరాకీ ఇచ్చిన ధర్మం వల్ల నిజాయితీ గల దుకాణదారుకు పన్నులో ఒక్క పైసా కలిసిరాదు. అతనికి దక్కేది మంచి పేరు మాత్రమే. దుకాణం వారు ఇన్ని లక్షలు సాయం చేశారని బోర్డు పెట్టుకుంటే, అందులో గిరాకీల సొమ్మెంత, తమ సొంతమెంత అని అడిగే హక్కు జనానికి ఉంది.

బిజిలీ కాటన్ మిల్లు కేసు

ఈ సూత్రం ఊరికే తేలలేదు. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్‌రస్ పట్టణంలో బిజిలీ కాటన్ మిల్లు అనే నూలు మిల్లు ఉండేది. నూలు, పత్తి అమ్మినప్పుడు మిల్లువారు బిల్లులో సరుకు ధర వేరుగా, ‘ధర్మాదా’ వేరుగా రాసి వసూలు చేసేవారు. ఆ మొత్తాన్ని వ్యాపార ఖాతాలో కలపకుండా వేరే ధర్మాదా ఖాతాలో జమ కట్టేవారు.

ఆదాయపు పన్ను శాఖ ఆ సొమ్ము కూడా మిల్లు ఆదాయమేనని, దానిపై పన్ను కట్టాలని పట్టుబట్టింది. శాఖ వాదన పైకి బలంగానే కనిపిస్తుంది. కొనేవాడు ధర్మాదా ఇవ్వనంటే సరుకు దొరకదు కనుక అది ధరలో భాగమే. పైగా ఏ సంస్థకు ఇవ్వాలో, ఏ పనికి ఖర్చు చేయాలో ఇచ్చినవాడు చెప్పలేదు, అంతా మిల్లువారి ఇష్టం. ఇక ‘ధర్మం’ అనే మాటకే స్పష్టమైన అర్థం లేదు.

ఈ చివరి మాటకు పాత ఆధారం కూడా ఉంది. 1899లో ప్రీవీ కౌన్సిల్ ఒక వీలునామా కేసులో, ‘ధర్మానికి’ అని మాత్రమే రాసి ఇచ్చిన ఆస్తి దానం చెల్లదని తీర్పు చెప్పింది. ధర్మమంటే నీతి కావచ్చు, మతం కావచ్చు, దానం కావచ్చు, అంత విశాలమైన మాటను పట్టుకుని కోర్టు అమలు జరపలేదని నాటి న్యాయమూర్తులు భావించారు.

సుప్రీంకోర్టు ఈ వాదనలను తోసిపుచ్చింది. శాస్త్ర గ్రంథాలలో ధర్మం అనే మాటకు ఎన్ని అర్థాలున్నా, బజారులో వర్తకునికి ధర్మాదా చెల్లించేవాడు అది పుణ్యకార్యాలకు, దానధర్మాలకు వినియోగం కావాలనే చెల్లిస్తున్నాడని, వర్తక లోకంలో ఆ మాటకు స్థిరమైన అర్థం ఉన్నదని కోర్టు పేర్కొన్నది. సరుకుతో పాటు తప్పనిసరిగా చెల్లించవలసి వచ్చినా అది సరుకు ధర కాదని, చేతికి వచ్చిన క్షణం నుంచే ఆ సొమ్ముకు ధర్మకార్యమనే ముద్ర పడిందని, మిల్లు దానికి ధర్మకర్త వంటిదే గాని యజమాని కాదని తీర్పు సారాంశం. కాబట్టి అది మిల్లు ఆదాయం కాదు, దానిపై మిల్లు పన్ను కట్టనక్కరలేదు.

అంతకు ముందు, 1977లో, కలకత్తాలోని టాలీగంజ్ క్లబ్ కేసులోనూ సుప్రీంకోర్టు ఇటువంటి మాటే చెప్పింది. ఆ క్లబ్బు గుర్రపు పందేలు చూడవచ్చేవారి ప్రవేశ రుసుముపై స్థానిక ధర్మ సంస్థల కోసం కొంత అదనంగా వసూలు చేసేది. ఆ అదనపు సొమ్ము క్లబ్బు ఆదాయం కాదని కోర్టు తేల్చింది.

మరో నలభై ఏళ్ళకు 2019లో ఎక్సైజ్ సుంకం విషయంలో ఇదే ప్రశ్న తలెత్తింది. మహారాష్ట్రకు చెందిన ఒక పొగాకు ఉత్పత్తుల సంస్థ బిల్లులో వేరుగా వసూలు చేసిన ధర్మాదాను సరుకు విలువలో కలిపి సుంకం వేయాలా అన్నది వివాదం. ధర్మాదా సరుకు ధరలో భాగం కాదని సుప్రీంకోర్టు అప్పుడు కూడా స్పష్టం చేసింది.

తీర్పు వర్తకునికి ఇచ్చిన బాధ్యత

ఈ తీర్పులు వర్తకునికి లాభం చేకూర్చాయని పైపైన చూసేవారు అనుకోవచ్చు. నిజానికి అతని మెడకు ఒక బాధ్యతను కూడా కట్టాయి. ‘ఇది నా ఆదాయం కాదు’ అని పన్ను అధికారి ముందు చెప్పినవాడు, ‘ఇది నా సొమ్ము’ అని సొంతానికి వాడుకోలేడు. రెండు నాల్కలు చెల్లవు. బిల్లులో పద్దు వేరుగా ఉండాలి, పుస్తకంలో ఖాతా వేరుగా ఉండాలి, సొమ్ము ధర్మకార్యానికే వెళ్ళాలి. గల్లాలో కలిపి ఇంటి ఖర్చుకు వాడినవానికి తీర్పు ఇచ్చే రక్షణ లేదు.

బొంబాయి రాష్ట్రం ఈ విషయంలో ముందుచూపుతో 1950లోనే చట్టం చేసింది. మహారాష్ట్ర, గుజరాత్‌లకు సంక్రమించిన ఆ పబ్లిక్ ట్రస్టుల చట్టం 54వ సెక్షన్ ప్రకారం ఆచారం కొద్దీ ధర్మాదా వసూలు చేసే వర్తకుడు ఆ సొమ్ముకు ధర్మకర్త అవుతాడు. సంవత్సరం ముగిసిన మూడు నెలల లోపల దాని జమాఖర్చుల లెక్కను ధర్మాదాయ అధికారికి సమర్పించాలి. నాలుగు రూపాయలే కదా అని ఆ చట్టం చిన్నచూపు చూడలేదు. నాలుగు నాలుగులు కలిస్తేనే లక్షలు అవుతాయని దానికి తెలుసు.

ఇచ్చినవానికి ఏమి దక్కుతుంది?

దుకాణదారుకు తగ్గింపు రాకపోతే, ఆ తగ్గింపు ఎవరికి రావాలి? న్యాయంగా సొమ్ము ఇచ్చిన గిరాకీకే రావాలి. దాత అతనే కనుక. అయితే ఆచరణలో అది అంత సులభం కాదు.

విరాళాలకు తగ్గింపు ఇచ్చే సెక్షన్ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80జి. జనం నోట ఇప్పటికీ అదే పేరు ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు నిర్దేశించిన 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని విరాళాల తగ్గింపు పోలేదు. దీనికి కొన్ని షరతులున్నాయి. విరాళం పుచ్చుకున్న సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉండాలి. దాత పేరిట రసీదు ఉండాలి. 2021-22 నుంచి సంస్థలు తమకు విరాళాలిచ్చిన వారి వివరాలను శాఖకు ఏటా దాఖలు చేసి, దాతకు ధ్రువపత్రం ఇవ్వవలసి ఉంది. ఆ జాబితాలో మీ పేరు, పాన్ నంబరు లేకపోతే తగ్గింపు రాదు. 2017-18 నుంచి రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళం లెక్కలోకి రాదు. బ్యాంకు ద్వారానో, చెక్కు ద్వారానో ఇవ్వాలి. వస్తు రూపంలో ఇచ్చే బియ్యం, బట్టలు, దుప్పట్లు పుణ్యానికి పనికివస్తాయి గాని పన్ను తగ్గింపుకు పనికిరావు.

ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చిన మొత్తానికి పూర్తిగా తగ్గింపు ఉంటుంది. మామూలు ధర్మ సంస్థలకు ఇచ్చినదానిలో సగానికే, అదీ ఆదాయంలో పదో వంతు పరిమితికి లోబడి ఉంటుంది. ఇవన్నీ పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికే. 2023-24 నుంచి ప్రత్యేకంగా కోరుకోని వారందరికీ కొత్త పద్ధతే వర్తిస్తోంది. అందులో ఈ తగ్గింపు లేదు.

ఇప్పుడు మన నాలుగు రూపాయల సంగతి చూద్దాం. గల్లా బిల్లుపై దాత పేరు ఉండదు, పాన్ ఉండదు. దుకాణం అందరి సొమ్మూ కలిపి ఒకే మొత్తంగా సంస్థకు పంపుతుంది. కాబట్టి తగ్గింపు ఎవరికీ దక్కదు. ఒకవేళ రసీదు సంపాదించినా నాలుగు రూపాయలలో సగం రెండు రూపాయలు. ఇరవై శాతం పన్ను, సెస్సు కట్టేవానికి మిగిలేది సుమారు 42 పైసలు. దానికోసం రసీదు దాచేవాడు ఎవడూ ఉండడు.

ఇక రైతు విషయానికి వస్తే అసలు ప్రశ్నే లేదు. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. పన్నే లేని చోట తగ్గింపు అన్న మాటకు అర్థం లేదు. రైతు ఇచ్చిన ధర్మం పూర్తిగా ధర్మమే. ప్రభుత్వం నుంచి అందులో పైసా తిరిగిరాదు.

ఒక అపోహ ఇక్కడ తొలగించుకోవాలి. దానం చేసి పన్నులో లాభం పొందుతారని కొందరు అనుకుంటారు. పదివేలు దానం చేసిన ఉద్యోగికి సగం, అంటే అయిదు వేలు ఆదాయంలో తగ్గుతుంది. ఇరవై శాతం పన్ను, సెస్సు చొప్పున మిగిలేది 1,040 రూపాయలు. మిగతా 8,960 రూపాయలు అతని జేబులోనివే. దానం చేసి ధనవంతుడైన వాడు లేడు. అలా అయ్యాడని ఎవరైనా చెబితే అక్కడ దానం జరగలేదని, దొంగ రసీదు పుట్టిందని అర్థం.

మూడు రకాల మాటలు

దుకాణాల బోర్డులపై మూడు రకాల మాటలు కనిపిస్తాయి. వాటి తేడా తెలుసుకోవడం అవసరం.

మొదటిది, "చిల్లర ధర్మానికి ఇవ్వండి" అనడం. ఇక్కడ దాత గిరాకీ. దుకాణం మోసుకుపోయే చెయ్యి మాత్రమే.

రెండవది, "మీరు కొన్న ప్రతి సబ్బుకు ఒక రూపాయి పేద పిల్లలకు ఇస్తాము" అనడం. ఇక్కడ గిరాకీ సరుకు ధర తప్ప అదనంగా ఏమీ ఇవ్వలేదు. అమ్మకం సొమ్మంతా కంపెనీ ఆదాయమే. అందులోంచి ఇచ్చే రూపాయి కంపెనీ దానమే. నిబంధనలకు లోబడి తగ్గింపు కోరుకునే హక్కు కూడా కంపెనీదే. ఇందులో తప్పు లేదు.

మూడవది పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఇది కంపెనీ తన లాభం నుంచి చేయవలసిన ఖర్చు. గల్లా దగ్గర గిరాకీలు వేసిన చిల్లర కంపెనీ లాభం కాదు. ఒకరి జేబులోని సొమ్ముతో మరొకరు బాకీ తీర్చుకోవడం న్యాయం కాదు.

అమెరికాలోనూ ఇదే సూత్రం

మన పల్లెల నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడి పెద్ద దుకాణాలలో గల్లా దగ్గర ధర్మం అడగడం సర్వసాధారణం. అక్కడ కూడా దుకాణం తన సొంత పన్ను తగ్గించుకుంటోందన్న పుకారు బలంగా ఉంది. కాని అక్కడి చట్టం కూడా మన సుప్రీంకోర్టు చెప్పిన దారిలోనే ఉంది. గిరాకీ ఇచ్చిన సొమ్ము దుకాణం ఆదాయం కాదు, దాని తగ్గింపు దుకాణానికి రాదు. తగ్గింపు కోరే హక్కు ఇచ్చినవానిదే, అతడు రసీదు దాచుకోవాలి.

అయితే అక్కడ ప్రతి వ్యక్తికీ లెక్క చూపనవసరం లేని ఒక మూకుమ్మడి తగ్గింపు ఉంది. 2025 సంవత్సరానికి ఒంటరి వ్యక్తికి 15,750 డాలర్లు, దంపతులకు 31,500 డాలర్లు. చాలామంది దానినే ఎంచుకుంటారు కనుక విరాళాల రసీదులు విడిగా చూపే పని వారికి ఉండేది కాదు. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 పన్ను సంవత్సరం నుంచి అటువంటివారు కూడా నగదు విరాళాలకు వెయ్యి డాలర్ల వరకు, దంపతులైతే రెండు వేల డాలర్ల వరకు అదనపు తగ్గింపు పొందవచ్చు. అయితే అక్కడి చట్టం గుర్తించిన సంస్థలకు ఇచ్చిన విరాళాలకే ఇది చెల్లుతుంది. మన ఊరి బడికి నేరుగా పంపిన డబ్బుకు అక్కడ తగ్గింపు రాదు. పిల్లలు ఈ తేడా తెలుసుకుని పంపడం మంచిది.

ఊరి కమిటీలకు ఒక మాట

గ్రామాలలో గుడి కమిటీలు, బడి కమిటీలు, గ్రంథాలయ సంఘాలు పట్నంలో స్థిరపడిన వారిని విరాళాలు అడగడం పరిపాటి. "80జి రసీదు ఇస్తారా?" అని వారు అడిగినప్పుడు కమిటీ పెద్దలు తెల్లబోవడం చూస్తున్నాము. శాఖ ఆమోదం లేని కమిటీ ఇచ్చే రసీదుపై ఆ అంకె అచ్చు వేయించినంత మాత్రాన అది చెల్లదు. దాతకు తర్వాత చిక్కు వస్తుంది. మతపరమైన పనులకే పరిమితమైన సంస్థలకు ఈ ఆమోదం సాధారణంగా రాదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రసిద్ధ ఆలయాలు, మసీదులు, చర్చిలు, గురుద్వారాల మరమ్మతులకు ఇచ్చిన విరాళాలకు మాత్రం సగం తగ్గింపు ఉంది. ఊరి రామాలయానికి తగ్గింపు లేదని ముందే చెప్పి అడగడం మేలు. భక్తి ఉన్నవాడు పన్ను చూసి ఇవ్వడు.

తక్‌పట్టీ చూసుకోండి

చివరిగా రైతు సోదరులకు మార్కెట్ యార్డు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 1966లో చేసిన మార్కెట్ల చట్టం వచ్చిన తర్వాత, ఆచారమని చెప్పి ఇష్టం వచ్చిన కోతలు కోయడానికి వీలులేదు. మార్కెట్ ఫీజు సైతం కొనుగోలుదారు చెల్లించవలసినదే గాని రైతు చెల్లించవలసినది కాదు. రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో బస్తాలు, తూకం, ధర, కోతలు, చేతికి ఇచ్చిన మొత్తం వరుసగా ఉంటాయి. అందులో ధర్మమనో, చందా అనో పద్దు కనిపిస్తే అది ఎవరికోసమని అడగండి. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే వద్దనండి. సమాధానం రాకపోతే మార్కెట్ కార్యదర్శికి చెప్పండి.

దుకాణంలో ధర్మం ఇచ్చేటప్పుడు కూడా నాలుగు సంగతులు చూసుకుంటే చాలు. సొమ్ము ఏ సంస్థకు వెళుతుందో పేరు చెబుతున్నారా? బిల్లులో విరాళం విడిగా అచ్చు పడిందా? కిందటి ఏడు ఎంత వసూలైంది, ఎంత పంపారు అన్న లెక్క దుకాణంలో ఎక్కడైనా రాసి పెట్టారా? వద్దన్నప్పుడు మర్యాదగా ఊరుకుంటున్నారా? ఈ నాలుగింటికీ అవునని జవాబు వస్తే నిశ్చింతగా ఇవ్వవచ్చు. పేరు కూడా చెప్పలేని చోట, ఆ నాలుగు రూపాయలు జేబులో వేసుకుని ఊరికి వచ్చి, బడి పిల్లవానికి ఒక పలక కొనిపెట్టినా ధర్మమే.

వర్తకులకు కూడా మనవి ఒకటి. లెక్క గోడకు అంటించడానికి ఒక కాగితం చాలు. తమ బిల్లులో రాసిన ధర్మం ఎక్కడికి చేరిందో ఏడాదికి ఒకసారి అందరికీ కనిపించేలా రాసిపెడితే, బస్సులో చెప్పుకునే మాటలు వాటంతట అవే ఆగిపోతాయి. మరుసటి పండుగకు వచ్చిన రైతు గల్లా దగ్గర మొగమాటంతో కాక, మనస్ఫూర్తిగా "రాయమ్మా" అంటాడు.